ఈ వారం సమస్య: గోడ లేనట్టి యింటిలోఁ గూళ్ళు వేలు

నిర్వాహకుడు: ఛందస్సు తేటగీతి. విషయం పండ్ల ఈగ పిండం. అందులో తొలి 13 విడతలు కేంద్రకాలే చీలుతాయి, కణం చీలదు. 14వ విడతలో పైపొర లోపలికి దిగి, సుమారు 6000 కేంద్రకాలకు విడివిడి గదులు కడుతుంది. తేనెపట్టు, చీమలపుట్ట పూరణలు దయచేసి వద్దు.

గీతప్రియ:
ఈగ పిండము లోపల నెడము లేక
కణము చీలక కేంద్రకగణము చీల
నారువేలుగ నంచున నమరె నవియ
గోడ లేనట్టి యింటిలోఁ గూళ్ళు వేలు

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది. రెండవ పాదంలో ప్రాసయతి చెవికి ఇంపు. "ఎడము లేక" మాత్రం శాస్త్రానికి పొసగదు. అంచుకు చేరిన ప్రతి కేంద్రకం పైనా యాక్టిన్ (కణంలో పోగులుగా పేరుకునే ప్రొటీన్) టోపీ ఉంటుంది, అవి ఎడంగానే నిలుస్తాయి. పైగా గోడలు లేవన్నారు సరే, ఎలా వచ్చాయి? సమస్యను వర్ణించారు గాని విప్పలేదు.

సూక్ష్మదర్శిని:
యాక్టినను నూలు వడికి డయాఫనస్సు
తెరలు దింపెను కేంద్రకాంతరములందు
అందుకై వేచియున్నవి యంతవరకు
గోడ లేనట్టి యింటిలోఁ గూళ్ళు వేలు

గీతప్రియ: "దింపెను" అన్నారు, మేలు. "నేసెను" అంటే తప్పయ్యేది. డయాఫనస్ అనే ప్రొటీన్ పొరను తయారుచేయదు, యాక్టిన్ పోగులను పొడవుగా పేరుస్తుంది. అది లోపిస్తే పొర మడతలు సరిగా దిగవు.

నిర్వాహకుడు: ఇది అసలైన పూరణ. అయితే "అందు" తర్వాత "అందుకై" అని సంధి విడిచారు, పాదం మారినా సంధి తప్పదు. "కాచుకొనియుండె నందుకై కదలకుండ" అంటే సరిపోతుంది. వెనుక కొసన బీజకణాలు ముందే విడిపోతాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కానీ ఆ కొద్దిపాటి కణాల కోసం పద్యాన్ని ఆపను.

సూక్ష్మదర్శిని: మార్పు బాగుందండీ. నిజానికి బాటిల్‌నెక్ అనే ప్రొటీన్ మీద రాయాలనుకున్నాను. జీవశాస్త్రవేత్త ఎరిక్ వీషౌస్ బృందం 1993లో వివరించినది. అది లేకపోతే యాక్టిన్ వలయాలు తొందరపడి బిగిసి కేంద్రకాలను నొక్కేస్తాయి. పేరే ఛందస్సుకు లొంగలేదు.

నిర్వాహకుడు: లొంగుతుంది. "బాటిల్‌నెక్కు"లో మూడు గురువులు, ఒక లఘువు. తేటగీతిలో వరుసగా మూడు గురువులకు చోటు ఒక్కటే: "బా" రెండవ గణం చివర పడాలి, మిగిలినది తగణమై (రెండు గురువులు, ఒక లఘువు) మూడవ గణంలో కూర్చుంటుంది. యతి నాలుగవ గణానిది కనుక ఆ బెడదా లేదు. ఆదివారం దాకా గడువు.