అప్‌డేట్: లండన్ ఈటీఏ వచ్చింది, పాపకు కూడా

డాలస్ నుంచి హైదరాబాద్ వెళుతూ లండన్‌లో నాలుగు రోజులు ఆగుదామనుకుంటున్నామనీ, అమెరికా పాస్‌పోర్టు ఉన్న మా పది నెలల పాపకు కూడా బ్రిటన్ ఈటీఏ (వీసా అక్కర్లేని దేశాలవాళ్లు బయలుదేరే ముందే తీసుకోవాల్సిన ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) కావాలా అనీ పోయిన నెల అడిగాను. కావాలి. చంటిబిడ్డ అయినా విడిగా దరఖాస్తు, విడిగా రుసుము.

వెతకగానే అన్నిటికంటే పైన కనిపించిన సైటులో మొదట దిగాను. చివరి పేజీలో ఒక్కొక్కరికి అసలు రుసుముకు దాదాపు ఐదింతలు చూపించేసరికి ఒళ్లు మండి మూసేశాను. తరువాత బ్రిటన్ ప్రభుత్వ యాప్‌లోనే చేశాను. పాస్‌పోర్టులోని చిప్పును ఫోను ఎంతకీ చదవలేదు. ఫోను కవరు తీశాక క్షణంలో పని అయింది. అసలు తంటా పాప ఫోటోతోనే. తెల్ల దుప్పటి మీద పడుకోబెడితే బోర్లా పడుతుంది, కూర్చోబెడితే ఫోను లాక్కుంటుంది. పదిహేడోసారికి కుదిరింది.

నాది గంటలో, పాపది మర్నాడు వచ్చాయి. రెండేళ్లు చెల్లుతాయి, పాస్‌పోర్టు గడువు ముందే ముగిస్తే అంతవరకే. మా ఆవిడది భారత పాస్‌పోర్టు కనుక ఈటీఏ వర్తించదు, విజిటర్ వీసాకు దరఖాస్తు చేశాం. వేలిముద్రలు ఇచ్చి వచ్చింది, పాస్‌పోర్టు ఇంకా చేతికి రాలేదు. టికెట్లు మాత్రం నేను ఆగలేక ముందే కొన్నాను. అందుకు ఇంట్లో రోజూ అక్షింతలే.