‘హాడ్జ్‌కినేతర’: ఈ సంధి ఒప్పేనా?

ప్రశ్న: మా పెద్దమ్మకు మెడ దగ్గర బిళ్ళలు కడితే ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో ‘నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా’ అని వచ్చింది, లింఫోమా అంటే ఇలాంటి బిళ్ళల్లో వచ్చే కేన్సర్. ఊళ్ళో వాళ్ళ కోసం తెలుగులో ‘హాడ్జ్‌కినేతర’ అని రాశాను. బ్రాహ్మణేతరలో అకారం ఉంది కాబట్టి గుణసంధి, హాడ్జ్‌కిన్ చివర అచ్చే లేదు, ఏత్వం ఎక్కణ్ణుంచి వచ్చింది అని తమ్ముడు పట్టుకున్నాడు.

జవాబు: వ్యాకరణం మీ తమ్ముడి వైపే ఉందండి. కానీ కాంగ్రెసు మీద ఇతర చేరితే కాంగ్రెసితర కావాలి, ఎవరైనా అంటున్నారా? కాంగ్రెసేతర, బీజేపీయేతర అనే అంటాం. ‘ఏతర’ మన చెవికి ప్రత్యయమైపోయింది. రాసేయండి.

మరో జవాబు: నేను పాథాలజీ ల్యాబులో పనిచేస్తాను. నా పేచీ సంధితో కాదు, ‘ఇతర’తో. కాంగ్రెసేతర ప్రభుత్వం అంటే అందులో ఎవరున్నారో తెలియదు కదా, ఇదీ అంతే. 1832లో థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించిన జబ్బులో గుడ్లగూబ కళ్ళలాంటి జంట కేంద్రకాల పెద్ద కణం కనిపిస్తుంది. ‘ఇతర’ గొడుగు కింద పదుల రకాలున్నాయి. మాంటిల్ సెల్ లింఫోమా, సీఎల్ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా) రెండింట్లోనూ చిన్న కణాలే. కణంలోని ఒక్కో ప్రోటీన్‌ను చూపించే రంగులు వేస్తే, రెండింటికీ సీడీ5 రంగు పడుతుంది. సీడీ23 పడితే సాధారణంగా సీఎల్ఎల్ వైపు, సైక్లిన్ డీ1 పడితే మాంటిల్ వైపు మొగ్గుతాం. సీఎల్ఎల్ చాలామందిలో ఏళ్ళ తరబడి మందు లేకుండానే నెమ్మదిగా నడుస్తుంది. మాంటిల్ తరచు అలా ఆగదు.

ఆ గొడుగు అంచు కూడా కదులుతుంటుంది. నాడ్యులర్ లింఫోసైట్ ప్రిడామినెంట్ హాడ్జ్‌కిన్ లింఫోమా అనే రకం ఉంది. మామూలు హాడ్జ్‌కిన్ కణానికి పట్టే సీడీ30, సీడీ15 దీనికి సాధారణంగా పట్టవు, సీడీ20 పడుతుంది. 2022లో ఒక అంతర్జాతీయ వర్గీకరణ దీని పేరులోంచి హాడ్జ్‌కిన్‌ను తీసేసింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన వర్గీకరణలో పాత పేరే ఉంది. ఒకటే ముక్క, ఒక జాబితాలో హాడ్జ్‌కిన్, ఇంకో జాబితాలో ‘ఏతర’! మీ రిపోర్టులో ఆ మాట కింద ఇంకో పేరుంటుంది, చూడండి.

అడిగినవారు: చూశానండి, ‘మాంటిల్ సెల్’ అని ఉంది. నాకు తెలిసిన మాంటిల్ పెట్రోమాక్స్ లైటుదే.

ల్యాబు నుంచి: ఇది ఆ మాంటిల్ కాదులెండి. బిళ్ళలో గుండ్రటి ముద్దల చుట్టూ ఒక పొర ఉంటుంది, ఆ పొర కణాల నుంచి పుట్టింది కాబట్టి ఆ పేరు.

అడిగినవారు: ఊరికి ఇలా రాశాను: “పెద్దమ్మకు మెడ బిళ్ళల్లో కేన్సర్, మాంటిల్ సెల్ రకం.” సంధి అవసరమే పడలేదు. తమ్ముడికి ఇంకా చెప్పలేదు.