చదరంగంలో మేట్ (ఆటకట్టు) ఉందని ముందే చెప్పే పజిల్స్ పిల్లలకు మేలా, చేటా?

అనంతపురం అమ్మ: మా పాప రోజూ సాయంత్రం ఫోన్‌లో లీచెస్ అనే చదరంగం యాప్‌లో పజిల్స్ చేస్తుంది. ‘రెండెత్తుల్లో మేట్’ అని ఉంటే టకటకా వేసేస్తుంది. టోర్నమెంట్‌లో మాత్రం గెలిచే ఆటలో కూడా ఎత్తు తోచక కూర్చుంటుంది. మాన్పించమంటారా?

కడప కోచ్: మాన్పించొద్దమ్మా. ఆ పేరు కనపడకుండా చేయించండి. ఆటలో ఎవరూ వచ్చి ‘ఇప్పుడు మేట్ ఉంది, వెతుక్కో’ అని చెప్పరు. అన్ని రకాలూ కలిసి వచ్చే ‘హెల్తీ మిక్స్’ పెట్టండి.

కర్నూలు ఆటగాడు: సార్, నేను ఒప్పుకోను. ఒకే రకం పదేపదే చూస్తేనే బుర్రకెక్కుతుంది. స్మదర్డ్ మేట్ తీసుకోండి, అంటే రాజు చుట్టూ సొంత పావులే దారి మూసేస్తే గుర్రంతో ఇచ్చే ఆటకట్టు. నల్లరాజు హెచ్8 మూలలో, ముందు జి7, హెచ్7 బంట్లు, ఎఫ్8లో ఏనుగు. మన గుర్రం హెచ్6లో ఉంది. మంత్రిని జి8లో పెట్టి చెక్ ఇస్తాం. గుర్రం కాపలా ఉంది కాబట్టి రాజు తినలేడు, ఏనుగుతోనే తినాలి. దాంతో రాజుకున్న ఒక్క గడీ మూసుకుపోతుంది. గుర్రం ఎఫ్7కు రాగానే ఆటకట్టు. 1497లో స్పెయిన్ ఆటగాడు లూసెనా వేసిన చదరంగం పుస్తకంలోనే ఉందిది. మంత్రిని ఉత్తినే ఇచ్చేయాలని ఏ పిల్లకు దానంతటదే తోస్తుంది?

కడప కోచ్: నేర్పేటప్పుడు పేరు పెట్టే నేర్పండి, కాదనను. నా బాధ అది కాదు. తప్పు వేస్తే యాప్ ఇంకో ఎత్తు వేయమంటుంది. పిల్లలు ఉన్న చెక్‌లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూస్తారు. ఎదుటివాడి ఎత్తు కూడా యాపే వేస్తుంది, అదీ ఒక్క జవాబే. రెండెత్తుల మేట్ అంటే వాడు ఏం వేసినా మేట్ అవ్వాలి కదా! మిగతా జవాబులు ఎవరు చూస్తారు? మా క్లాసులో పావు ముట్టుకోకముందే మొత్తం వరుస నోటితో చెప్పాలి. టోర్నమెంట్‌లో ముట్టుకున్న పావునే కదపాలి మరి.

ప్రొద్దుటూరు తమ్ముడు: సార్, మా పల్లెల్లో కోచ్‌లు ఎక్కడున్నారు? లీచెస్‌లో పైసా కట్టక్కర్లేదు, ప్రకటనలు లేవు. ఆ పజిల్స్ నిజంగా ఆడిన ఆటల్లోంచి తీసినవే. మాలాంటివాళ్లకు అదే గురువు. నాకు నచ్చనిది చెస్.కామ్‌లో టైమ్ పెట్టి వరుసగా పజిల్స్ చేయించే పజిల్ రష్. మూడు తప్పులకే అయిపోతుంది, పైగా టైమ్ పరిగెత్తుతుంటుంది. చూసేలోపే చెయ్యి వేసేస్తుంది.

అనంతపురం అమ్మ: సార్ చెప్పినట్టే నోటితో చెప్పమన్నాను. మొదటి ఎత్తు సరిగ్గానే చెప్పింది. ‘రాజు పక్క గడికి పోతే?’ అంటే ఆగిపోయింది. ఆ గడి వైపు చూడనే లేదట. ఇకమీదట ఫోన్‌లోది బోర్డు మీద పేర్చి చేయించాలనుకుంటున్నా.

కడప కోచ్: పేర్చండమ్మా. గడియారం మాత్రం పెట్టొద్దు.

కర్నూలు ఆటగాడు: పెట్టాల్సిందే సార్. మొదట్లో పది నిమిషాలు ఇవ్వండి, కానీ పెట్టండి. టోర్నమెంట్‌లో టైమ్ చూసి టెన్షన్ పడేది అది అలవాటు లేకనే.