వంశధార మొగలో నా ప్యాడిల్ బోర్డు కయాక్ కంటే ఎందుకు వెనకబడిపోతోంది?

ప్రశ్న (కళింగపట్నం)
అన్నయ్యలూ ఒక డౌటు. ఆదివారం మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసక మేట లోపలి పక్కన నీళ్లు నిలకడగా ఉంటాయి కదా, అక్కడ నేనూ మా బావా పందెం వేసుకున్నాం. నాది నిలబడి తెడ్డేసే గాలి కొట్టే బోర్డు, పదిన్నర అడుగులు, 32 అంగుళాల వెడల్పు. బావది పదడుగుల ప్లాస్టిక్ కయాక్, కూర్చుని తెడ్డేసే సన్న పడవ. పొద్దున ఆరున్నరకి ఎల్లినప్పుడు పెద్ద తేడా లేదు, ఫోన్‌లో గంటకి 4.8 కిలోమీటర్లు చూపించింది. తొమ్మిదిన్నరకి తిరిగొస్తుంటే ఎదురుగాలి, తెడ్డు ఆపితే చాలు బోర్డు వెనక్కి పోతోంది, 2.9 దాటలేదు, బావ ఒడ్డుకొచ్చీసి ముంజలు తినీసి కూర్చున్నాడు. బోర్డు మార్చీయాలా?

జవాబు 1
మార్చక్కర్లేదు. బోర్డుకైనా పడవకైనా నీళ్లలో ఆనే పొడవుని అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో (ఒక నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు) స్పీడొస్తుంది, అది దాటాక ఎంత గుంజినా తను లేపిన అలే తనకి అడ్డు. పదడుగులకి అది గంటకి 7.8 కిలోమీటర్ల దాకా ఉంటుంది, మీ ఇద్దరూ దాని దరిదాపుల్లోకే రాలేదు. అంటే తేడా కింద లేదు, పైనుంది. నిలబడ్డ ఒళ్లు గాలికి తెరచాపే. బావ కూర్చుని, కాళ్లు తన్నిపెట్టి, రెండు రెక్కల తెడ్డుతో ఆపకుండా వేస్తాడు, మీరు నాలుగైదు తెడ్లకోసారి పక్క మార్చాలి, ఆ కాస్తలోనే బోర్డు ఆగిపోద్ది.

జవాబు 2 (భావనపాడు)
మా తాత తెప్ప మీద ఎల్లీవోడు, ఎదురుగాలొస్తే మోకాళ్ల మీద కూకునీవోడు. నువ్వూ అలాగే కూకో బావూ, తెడ్డు పొడుగు తగ్గించీసి ముందుకి వంగి వెయ్యి. ఇంకోటేటంటే పొద్దున్న గాలి ఒడ్డు మీంచి సముద్రంలోకి తోస్తాది, నిలబడ్డోడిని మరీ తోస్తాది, లైఫ్ జాకెట్ లేకండా మొగ వైపు ఎల్లకు.

జవాబు 3 (విజయనగరం)
చింతపల్లి బీచ్‌లో నాకూ ఇదే అయింది. బోర్డులో గాలి ఎంత కొట్టారు? తక్కువైతే బోర్డు మధ్యలో కుంగిపోయి నీళ్లని తోసుకుంటూ పోతుంది. 14 అడుగుల సన్న రేసు బోర్డైతే అలవాటున్నోళ్లు గంటకి 8 దాకా లాగుతారు, కానీ కొత్తలో దాని మీద నిలబడ్డమే గగనం.

అడిగినాయన
మీటరు పెట్టి చూశాను, లోపలి గాలి ఒత్తిడి 9 పీఎస్ఐయే ఉంది, బోర్డు మీద 15 అని రాసుంది! 15 కొట్టి, మోకాళ్ల మీద కూర్చుని వేస్తే అదే ఎదురుగాలిలో 3.8 వచ్చింది. తాతగారి మాట బావకి కూడా చెప్పాను.