ట్యాగ్ 1.4.0, తయారైన వీల్ మాత్రం 1.4.1.డెవ్0: అనువాదాల పాట్ ఫైలులోని తేదీ వరుస మారకుండా ఆపడం ఎలా?

మా ఓపెన్ సోర్స్ పైథాన్ ప్రాజెక్టులో వెర్షన్ సంఖ్యను సెటప్‌టూల్స్-ఎస్‌సీఎం అనే పనిముట్టు గిట్ ట్యాగ్ (విడుదలకు గిట్‌లో పెట్టే గుర్తు) నుంచి తీసుకుంటుంది. వీ1.4.0 ట్యాగ్ వేసినా, సీఐలో (ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే వ్యవస్థలో) తయారైన వీల్ (పైథాన్ ప్యాకేజీ ఫైలు) 1.4.1.డెవ్0 అనే అభివృద్ధి వెర్షన్‌గా, వెనుక ప్లస్ గుర్తుతో ఆనాటి తేదీ తగిలించుకుని వస్తోంది. ఇలా ప్లస్ గుర్తు ఉన్న లోకల్ వెర్షన్లను పైథాన్ ప్యాకేజీల భాండాగారమైన పైపీఐ ఎలాగూ స్వీకరించదు.

ఫెచ్-డెప్త్ 0 పెట్టి ట్యాగులన్నీ తెప్పించినా ఫలితం మారలేదు. ప్లస్ తర్వాతి భాగాన్ని చేర్చే లోకల్ స్కీమ్ సెట్టింగ్ తీసేస్తే తేదీ పోయింది గాని డెవ్0 అలాగే ఉండిపోయింది. చివరకు బిల్డ్‌కు సరిగ్గా ముందు గిట్ డిఫ్ (మార్పులను చూపే ఆదేశం) నడిపి చూడగా, అనువాదాల కోసం ఎక్స్‌గెట్‌టెక్స్ట్ (కోడ్‌లోని సందేశాలను ఏరి పాట్ ఫైలులో రాసే పనిముట్టు) నడిచిన తర్వాత పాట్ ఫైలులో ఒక్క సందేశమూ మారకుండా పీఓటీ-క్రియేషన్-డేట్ వరుస మాత్రమే మారుతున్నట్టు, దానివల్లే గిట్ సీఐలోని కోడ్ ప్రతిని డర్టీగా (కమిట్ చేయని మార్పులు ఉన్నదిగా) లెక్కిస్తున్నట్టు, అందుకే డెవ్0 వస్తున్నట్టు తేలింది. ఆ పాట్ ఫైలు గిట్‌లో ఇప్పటికే ఉన్నది కనుక గిట్‌ఇగ్నోర్ (గిట్ పట్టించుకోనక్కర్లేని ఫైళ్ల జాబితా) పనిచేయదు. అనువాదకులకు అది అవసరం కనుక తొలగించనూ లేను.

సందేశాలు మారనప్పుడు ఆ తేదీ వరుసను కదిలించకుండా ఎక్స్‌గెట్‌టెక్స్ట్‌ను నడిపే పద్ధతి ఏమిటి?