షేర్డ్ లైబ్రరీని ‘ఉమ్మడి’ అనొచ్చా?

ప్రశ్న: ప్రోగ్రామింగ్ పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. షేర్డ్ లైబ్రరీని, అంటే చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్ ఫైలును (లినక్స్‌లో ఎస్ఓ ఫైలు), ‘ఉమ్మడి గ్రంథాలయం’ అన్నాను. చదివిన మిత్రుడు “ఉమ్మడి అన్నావుగా, ఇంటెల్ ప్రాసెసర్ మీద కట్టిన ఎస్ఓ ఫైలు ఆర్మ్ ప్రాసెసర్ మీద ఎందుకు నడవదు?” అని పట్టుకున్నాడు. మాట మార్చాలా?

జవాబు: ముందు ఆ గ్రంథాలయం తీసేయండి, పుణ్యముంటుంది. లైబ్రరీ అంటే అందరికీ తెలుసు. ‘ఉమ్మడి’ మాత్రం ఉంచండి. కాకపోతే రెండిళ్ల ఉమ్మడి గోడ అన్నట్టు, ఎవరెవరికి ఉమ్మడో కూడా చెప్పాలి. ఇక్కడ వాటాదారులు ప్రోగ్రాములు, ప్రాసెసర్లు కావు. ఒకే మెషీన్లో పది ప్రోగ్రాములు లిబ్‌సీ అనే సీ భాష లైబ్రరీని వాడుతుంటే దాని కోడ్ పేజీలు మెమరీలో ఒకే కాపీగా ఉంటాయి. మారే డేటా ఎవరిది వారిదే.

ప్రాసెసర్ల మధ్య ఉమ్మడిగా ఉండేది సోర్సు కోడే. కంపైల్ అయ్యాక దారులు వేరు. లినక్స్‌లో కంపైలైన కోడ్ ఉండేది ఈఎల్ఎఫ్ అనే రకం ఫైలులో. దాని హెడర్‌లోనే అది ఏ ప్రాసెసర్‌దో చెప్పే అంకె ఉంటుంది: ఎక్స్86-64కు (64 బిట్ల ఇంటెల్ రకం) 62, 64 బిట్ల ఆర్మ్‌కు 183, రిస్క్-ఫైవ్‌కు 243. అది కలవకపోతే, కంపైలైన ముక్కలను ప్రోగ్రాముగా కూర్చే లింకర్ ‘స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్’ అని ఆ ఫైలును దాటేసి, ఇంకెక్కడా దొరక్కపోతే ‘కెనాట్ ఫైండ్’ అంటుంది. ఫైలు కళ్లెదుటే ఉన్నా లేదంటోందని కొత్తవాళ్లు జుట్టు పీక్కునేది ఇక్కడే. రెండో వాక్యం ఒక్కటే చదువుతారు మరి.

ఇంకొకరు: మ్యాక్‌లో ఒకే ఫైలు ఇంటెల్ మీదా, 2020లో వచ్చిన ఎమ్1 మీదా నడుస్తుంది కదండీ?

జవాబు: అది ఉమ్మడి కాదు, జంట. రెండుసార్లు కంపైల్ చేసి, లైపో అనే టూల్‌తో ఒకే ఫైలులో పక్కపక్కన పెడతారు. ఆండ్రాయిడ్ అయితే ఏపీకే అనే యాప్ ఫైలులో ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో ఫోల్డర్ ఇస్తుంది.

‘ఉమ్మడి’ని వెనకేసుకురావడానికి ఇంకో కారణం ఉంది. ఏ అడ్రసులోనైనా నడిచే కోడ్ ఇచ్చే పిక్ ఆప్షన్ లేకుండా కంపైల్ చేస్తే, లైబ్రరీ మెమరీలో ఏ అడ్రసులో దిగిందో చూసి, దాన్ని అక్కడికి ఎక్కించే లోడర్ కోడ్‌నే దిద్దాల్సి వస్తుంది. దిద్దిన పేజీ ఆ ప్రోగ్రాము సొంతమైపోతుంది, ఉమ్మడి అక్కడితో సరి. 32 బిట్ల ఎక్స్86 దీన్ని చూసీచూడనట్టు వదిలేసేది. ఎక్స్86-64లో మాత్రం లింకర్ చాలాసార్లు ఒప్పుకోదు, పిక్‌తో మళ్లీ కంపైల్ చేయమంటుంది.

ప్రశ్న: లింకింగ్‌కు ‘అనుసంధానం’ అని రాశాను. అదైనా సరిపోతుందా?

జవాబు: రెండు పనులను కలిపేస్తోంది. లింకర్ ఫలానా లైబ్రరీ కావాలని పేరు రాసిపెడుతుంది. అసలు కలపడం నడిపేటప్పుడు లోడర్ చేస్తుంది. వేరే ప్రాసెసర్ కోసం కడుతున్నప్పుడు ఈ రెండూ రెండు మెషీన్లలో జరుగుతాయి. అందుకే ఇక్కడ చక్కగా లింకైనది అక్కడికి వెళ్లాక, అక్కడి జీలిబ్‌సీ (లినక్స్‌లో ఎక్కువగా వాడే లిబ్‌సీ) పాతదైతే, ‘జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్’ అని ఆగిపోవచ్చు. మొదటిదాన్ని లింకు చేయడం, రెండోదాన్ని లోడు చేయడం అనండి, గొడవ ఉండదు.

ప్రశ్న: సరేనండి. “టార్గెట్ మెషీన్లోని ప్రోగ్రాములకు ఉమ్మడిగా ఉండే లైబ్రరీ” అని మారుస్తాను.

జవాబు: టార్గెట్ వద్దు. కట్టేముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్టుల్లో, ప్రోగ్రాము నడిచే మెషీన్ పేరు హోస్ట్, కట్టే మెషీన్ పేరు బిల్డ్. టార్గెట్ అవసరపడేది కంపైలర్ లాంటివాటినే కడుతున్నప్పుడు. ‘నడిచే మెషీన్’ అని రాసేయండి.