క్వేకర్ల శాంతి కమిటీలో చేరడం గురించి – ఫిలడెల్ఫియా ప్రాంతంలోని వారు దయచేసి చెప్పండి

ప్రశ్న (గోదారిగట్టు):

అందరికీ నమస్కారం. మేము ఆరేళ్ళుగా ఫిలడెల్ఫియా శివార్లలో ఉంటున్నాము. మా వీధి చివర రాతి గోడల పాత క్వేకర్ మీటింగ్‌హౌస్ ఉంది (క్వేకర్లు యుద్ధాన్ని కాదనే ఒక క్రైస్తవ శాఖ, మీటింగ్‌హౌస్ వారి ప్రార్థనా మందిరం). ప్రతి శుక్రవారం సాయంత్రం దాని ముందు కాలిబాట మీద ఏడెనిమిది మంది, ఎక్కువగా తల నెరసినవారు, యుద్ధం వద్దని రాసిన అట్టలు పట్టుకుని గంటసేపు ఒక్క మాటా మాట్లాడకుండా నిలబడతారు. నిరుడు చలికాలంలో మా అత్తగారు వారిని చూడలేక ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళి ఇచ్చారు. ఆ పరిచయంతో వారి శాంతి, సామాజిక న్యాయ కమిటీ సమావేశానికి నన్ను పిలిచారు.

ఒకసారి వెళ్ళాను. వాడకుండా ఉన్న బడిగదిని వారానికి రెండు రోజులు ఉచిత సరుకుల పంపిణీకి ఇవ్వాలా అన్నది ఒక్కటే విషయం. దాని మీద గంటన్నర మాట్లాడారు, మధ్యలో రెండుసార్లు అందరూ కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చున్నారు, చివరికి ఏమీ తేల్చకుండా వచ్చే నెలకు వాయిదా వేసి లేచారు. మా ఊళ్ళో పంచాయతీ అయితే పావుగంటలో చేతులెత్తించి ముగించేది. ఇంత నిదానంగా నడిచే చోట పని జరుగుతుందా? పైగా మేము రోజూ దీపం పెట్టుకునే ఇంటివాళ్ళం. మెల్లగా మతంలోకి లాగుతారేమోనన్న సందేహం మావారిది. హెచ్1బి మీద ఉన్నవారు ఇలాంటి వాటిలో నిలబడవచ్చునా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (జర్మన్‌టౌన్ పక్కవీధి):

గోదారిగట్టు గారూ, పదకొండేళ్ళుగా ఒక మీటింగ్‌కు (క్వేకర్లు తమ స్థానిక సంఘాన్ని అలా పిలుస్తారు) వెళ్తున్న హిందువుగా చెబుతున్నాను. నన్ను ఇంతవరకు ఎవరూ సభ్యత్వం తీసుకోమని అడగలేదు; కావాలంటే మనమే ఉత్తరం రాసుకోవాలి. ఈ ప్రాంతపు మీటింగులలో చాలావాటిలో పూజారీ ఉండడు, ప్రసంగమూ ఉండదు. ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉందన్న నమ్మకంతో అందరూ ఎదురెదురు బల్లల మీద మౌనంగా కూర్చుంటారు, లోపలి నుంచి మాట పుట్టినవారు లేచి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటారు. యుద్ధాన్ని వారు కాదనడానికి మూలం కూడా ఆ నమ్మకమే.

మీరు చూసిన నిదానానికి కారణం వారు ఓటు వేయకపోవడం. క్లర్క్ అనే వ్యక్తి అందరి మాటా విని, సభ ఏ వైపు మొగ్గుతోందో గ్రహించి, తీర్మానాన్ని అక్కడికక్కడే రాసి చదివి వినిపిస్తారు. దాన్ని మినిట్ అంటారు. ఒప్పుకోలేనివారు ‘నేను పక్కకు తప్పుకుంటాను, మీరు కానివ్వండి’ అనవచ్చు, లేదా గట్టిగా నిలిచి పనిని ఆపనూవచ్చు. మీ బడిగది విషయంలో ఎవరికో ఒకరికి ఇంకా మనసొప్పలేదని నా ఊహ. అది ఎవరో, ఎందుకో కనుక్కోండి.

పని జరుగుతుందా అంటే, మా దగ్గరి ఉదాహరణ చెబుతాను. జర్మన్‌టౌన్‌లోని గ్రీన్ స్ట్రీట్ మీటింగ్ వారు బానిసత్వం వల్ల, ఆ తర్వాతి వివక్ష వల్ల జరిగిన నష్టానికి పరిహారంగా చుట్టుపక్కల నల్లజాతివారి కోసం ఏటా 50,000 డాలర్ల చొప్పున పదేళ్ళపాటు ఖర్చు చేయాలని నిర్ణయించుకున్నారు. ఆ డబ్బుతో మొదట చేపట్టిన పని మనకు ఇట్టే అర్థమవుతుంది. అక్కడ ఎన్నో ఇళ్ళ దస్తావేజులు చనిపోయిన తాతల, అమ్మమ్మల పేరు మీదే ఉండిపోయాయి. ఇల్లు తన పేరు మీద లేనివారికి పైకప్పు మరమ్మతుకు నగరం ఇచ్చే సాయం అందడం కష్టం, బ్యాంకు అప్పు ఇవ్వదు, అమ్ముకుందామన్నా కుదరదు. అందుకని ఆ కాగితాలు సరిచేయించే న్యాయ సహాయానికి సొమ్ము పెట్టారు. మన ఊళ్ళలో ముత్తాత పేరు మీద ఉన్న పొలం పాస్‌బుక్కు కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగినవారికి ఇది ఎంత పెద్ద సాయమో వేరే చెప్పనక్కరలేదు.

జవాబు 2 (పెన్నాతీరం):

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక మాట. నిదానాన్ని మరీ అంతగా మెచ్చుకోకండి. అదే జర్మన్‌టౌన్‌లో 1688లో నలుగురు మనుషులు బానిసత్వం తప్పని సంతకాలు చేసి అర్జీ పెట్టారు. అది కింది మీటింగ్ నుంచి పై మీటింగ్‌కు, అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్ళి పక్కన పడిపోయింది. బానిసలను ఉంచుకున్నవారు సభ్యులుగా ఉండరాదని ఫిలడెల్ఫియా వార్షిక మీటింగ్ (ఈ ప్రాంతపు మీటింగులకు పైసభ) తేల్చింది 1776లో, అంటే 88 ఏళ్ళకు. ఈలోగా తొందరపడినవారి గతి చూడండి. 1738లో న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో జరిగిన వార్షిక మీటింగ్‌కు బెంజమిన్ లే అనే పొట్టి మనిషి, లోపల తొలిచిన పుస్తకంలో ఎర్రటి పళ్ళరసం నింపిన తిత్తిని దాచి తెచ్చాడు. బానిసల యజమానుల నడుమ లేచి, కత్తితో దాన్ని పొడిచి, ఆ రసం నెత్తురులా వారి మీద చింది పడేలా చేశాడు. మోసుకెళ్ళి బయట పడేశారు, సమాజం నుంచీ వెలివేశారు. అతను తమవాడేనని, అతన్ని వెలివేసిన అబింగ్టన్ మీటింగ్ ఒప్పుకున్నది 2017లో.

ఇంకొకటి. 19వ శతాబ్దంలో అమెరికా మూలవాసుల పిల్లలను భాషకూ ఇంటికీ దూరం చేసిన వసతి పాఠశాలలను నడిపిన మతసంఘాలలో క్వేకర్లూ ఉన్నారు. మంచి చేస్తున్నామనే అనుకున్నారు. 1917లో యుద్ధానికి వెళ్ళనన్న యువకుల కోసం పుట్టిన క్వేకర్ల సేవాసంఘం, 1947లో బ్రిటన్ క్వేకర్లతో కలిసి నోబెల్ శాంతి బహుమతి అందుకున్నదీ నిజమే. రెండూ తెలుసుకుని చేరితే మంచిది. చేరవద్దని నేను అనడం లేదు.

జవాబు 3 (ఎక్స్‌టన్ మామయ్య):

అమ్మా, వీసా సంగతి. కాలిబాట మీద దారికి అడ్డం లేకుండా మౌనంగా నిలబడటానికి రాజ్యాంగ రక్షణ ఉంది. కానీ కొందరు క్వేకర్లు కావాలనే చట్టాన్ని ధిక్కరించి అరెస్టుకు సిద్ధపడతారు. అలాంటి కార్యక్రమానికి మాత్రం దూరంగా ఉండండి, ఎందుకంటే వారికి ఒక రాత్రి ఠాణాలో గడిచిపోయేది మనకు వీసా రెన్యువల్‌లో చుట్టుకుంటుంది. ఏది ఎలాంటిదో ముందే అడగండి, దాచరు. ప్రార్థనా స్థలాలలో వలస అధికారుల తనిఖీలకు ఉన్న ఆంక్షలను 2025 జనవరిలో ఎత్తేసినప్పుడు కోర్టుకెక్కినవారిలో ఫిలడెల్ఫియా వార్షిక మీటింగ్ కూడా ఉంది. ఫిబ్రవరిలో మేరీలాండ్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు, అయితే అది దావా వేసినవారి ప్రార్థనా స్థలాలకే వర్తించింది. మీ పరిస్థితికి ఏది సరిపోతుందో వలస న్యాయవాదిని ఒకసారి అడిగి తెలుసుకోండి.

గోదారిగట్టు (తిరిగి):

అందరికీ ధన్యవాదాలు. నిన్న రెండో సమావేశానికి వెళ్ళి వచ్చాను. మొదటి జవాబులో చెప్పినట్టే ఒక్కరే అడ్డుపడ్డారట, ఎనభై దాటిన ఒక పెద్దావిడ. బడిగదికి తొమ్మిది మెట్లున్నాయి, సరుకులకు వచ్చే ముసలివారు సంచులతో ఎలా దిగుతారన్నది ఆమె అభ్యంతరం. ఇప్పుడు ర్యాంపు కట్టించడానికి డబ్బు కేటాయించి గది ఇచ్చారు. మినిట్ మూడు వాక్యాలు. క్లర్క్ చదివాక ఒక మాట మార్పించి మళ్ళీ చదివించారు. పెన్నాతీరం గారూ, మీ మాటా గుర్తొచ్చింది: ఈ నెల రోజులూ సరుకులు అందనివారి లెక్క ఆ మూడు వాక్యాలలో ఎక్కడా లేదు. ర్యాంపు పూర్తయ్యేదాకా మెట్ల కింద బల్ల వేసి పంచుతారు. గురువారం వంతు నాకిచ్చారు.